తడి ఎక్కడికి పోతుంది?

దొర్నిపాడు చేలల్లో శనగ మొలకలు వరసలు తేలిన రోజులవి. మా చెల్లెలు పురుటికి పుట్టింటికి వచ్చింది. కాన్పు నంద్యాలలో అయింది. బిడ్డకు ఇరవయ్యో రోజు. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న డైపర్ల సంచి ఆ సాయంత్రం అడుగంటింది. ఆళ్లగడ్డకు పోయి తెచ్చే మనిషి తెల్లారితే గానీ లేడు. చెల్లెలి కంగారు చూసి మా అవ్వ లేచి ట్రంకుపెట్టె తెరిచింది.

ఒక్కో చీర బయటికి తీసి, అంచు దగ్గర వేళ్ల మధ్య నలిపి చూసి, పక్కన పెడుతూ పోయింది. "ఇది గాదు... ఇదీ గాదు..." అన్నీ పాలిస్టరు చీరలే. అడుగున తాత కట్టి విడిచిన నూలు పంచె దొరికింది. అంచు పంటితో కొరికి, సర్రున చించి, నాలుగు మడతలు వేసి బిడ్డ కింద పరిచింది. ఇంకో ముక్కను గోచిలా చుట్టింది. పది నిమిషాలు కాకముందే అది తడిసింది.

"అప్పుడే తడిపేశాడు అవ్వా!" అంది చెల్లెలు, ఏడుపు గొంతుతో.

"తడిపినాడని తెల్సింది గదమ్మా. ఆ ప్యాంపర్లో యాడ తెలుస్తాది?" అంది అవ్వ.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట నుంచి పుట్టింది. బిడ్డ తడి మాయమైపోయేది కాదు. డైపరైనా, పొత్తిగుడ్డయినా దాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారుస్తుంది, అంతే. ఎక్కడికి మారుస్తుంది, అక్కణ్నుంచి అది ఎటు పోతుంది, మధ్యలో ఎవరి చేతులు నానుతాయి అన్నది తెలుసుకుంటే, ఏది వాడాలో తేల్చుకోవడానికి ప్రకటనలతో పనిలేదు.

సబ్జా గింజల సూత్రం

వేసవిలో సబ్జా గింజలు నానబెట్టిన వాళ్లకు డైపర్ లోపలి సంగతి సగం తెలిసినట్టే. ఆవగింజంత లేని గింజ చుట్టూ నీరు చేరి జిగురుగా నిలిచిపోతుంది. గ్లాసు వంచినా ఆ నీరు గింజను వదలదు. డైపర్ మధ్యలో, దూదిలాంటి చెక్కగుజ్జులో కలిపి చల్లిన తెల్లటి రవ్వ చేసేదీ ఇదే. ఆ రవ్వ పేరు సోడియం పాలీయాక్రిలేట్.

అది పొడవాటి అణువుల గొలుసుల అల్లిక. నులకమంచం మాదిరి, గొలుసుకూ గొలుసుకూ మధ్య అక్కడక్కడ ముడులుంటాయి. గొలుసు పొడవునా రుణావేశాలు, వాటిని అంటిపెట్టుకుని సోడియం అయాన్లు ఉంటాయి. అంటే రవ్వ లోపల చిక్కన, బయట పలచన. నీరు ఎప్పుడూ పలచన నుంచి చిక్కన వైపు చొరబడుతుంది. ఆవకాయకు కోసిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగేది కూడా అందుకే. అక్కడ చిక్కదనం ముక్కకు బయట ఉంది కాబట్టి నీరు బయటికి వస్తుంది, ఇక్కడ లోపల ఉంది కాబట్టి లోపలికి పోతుంది. నీరు చేరినకొద్దీ గొలుసుల మీది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని అల్లిక విప్పారుతుంది. ముడులు ఉన్నందున అది కరిగిపోదు, ఉబ్బుతుంది. బిడ్డ దానిమీద కూర్చున్నా నీరు వెనక్కి రాదు.

శుద్ధమైన నీటినైతే ఈ రవ్వ తన బరువుకు కొన్ని వందల రెట్లు పీలుస్తుంది. మూత్రంలో లవణాలు ఉంటాయి కనుక అక్కడ దాని శక్తి ముప్పై నుంచి యాభై రెట్లకు పడిపోతుంది. ఇంట్లోనే చూడొచ్చు. వాడని డైపర్ ఒకటి కత్తిరించి, రవ్వ దులిపి గ్లాసులో వేసి నీళ్లు పోయండి. నిమిషంలో గడ్డకట్టిన పెరుగులా నిలుస్తుంది. ఇప్పుడు రెండు చెంచాల ఉప్పు వేసి కలపండి. గడ్డ నీరుగారిపోతుంది. చిక్కదనం బయటికి మారగానే నీరూ బయటికి వచ్చేసింది. (పిల్లల నోటికీ కంటికీ ఆ రవ్వ తగలనివ్వకండి. అయ్యాక కాలువలో పారబోయకండి.)

ఈ రవ్వ కథ బిడ్డల కోసం మొదలైంది కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊరుంది. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 1961లో ప్యాంపర్లను తొలిసారి అమ్మి చూసింది ఆ ఊళ్లోనే. ఒక్కోటి పది సెంట్లనేసరికి తల్లులు వెనకాడారు. ధర తగ్గించాకే ఆ సరుకు నిలదొక్కుకుంది. అప్పటి డైపర్లో రవ్వ లేదు, పీల్చుకునే కాగితపు పొరలే ఉండేవి. అదే పియోరియాలో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనశాల ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే దారి చూపిన చోటు అది. మొక్కజొన్న పిండికి కొత్త ఉపయోగాలు వెతుకుతూ అక్కడి శాస్త్రవేత్తలు 1970లలో, వందల రెట్లు నీరు తాగే పదార్థాన్ని తయారు చేశారు. దానికి 'సూపర్ స్లర్పర్' అని పేరు పడింది. విత్తనాలకు పూయాలనీ, నేలలో తేమ నిలపాలనీ వాళ్ల ఆలోచన. 1980లు వచ్చేసరికి ఆ జాతి రవ్వలే జపాను కంపెనీల చేతుల మీదుగా డైపర్లలోకి చేరాయి. మన ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన 'పూసా హైడ్రోజెల్' కూడా ఈ కుటుంబానిదే. మెట్టచేలో వాన తేమను పట్టి ఉంచి, వేర్లకు మెల్లగా అందించడం దాని పని. చేలో నీరు వదలడానికి పుట్టిన సరుకు, డైపర్లో నీరు వదలకుండా పట్టుకోవడానికి స్థిరపడింది.

వత్తి, దూది, పాత పంచె

నూలుగుడ్డ పనితీరు వేరు. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగడం రోజూ చూస్తాం. వత్తిలోని పోగుల మధ్య సందులు వెంట్రుకకంటే సన్నం. అంత ఇరుకు సందులో ద్రవం పోగును అంటుకుని దానంతట అదే ఎగబాకుతుంది. పొత్తిగుడ్డలో మూత్రం అంచులకు పాకేదీ అలాగే. పైగా పత్తిపోగు సెల్యులోజ్‌తో తయారైంది. సెల్యులోజ్ అణువుల మీది హైడ్రాక్సిల్ గుంపులు నీటి అణువులను చేయిపట్టి నిలుపుకుంటాయి. పాలిస్టరుకు ఆ చేతులు లేవు. అందుకే పాలిస్టరు చీరమీద నీళ్లు పోస్తే సగం జారిపోతాయి. అవ్వ వేళ్ల మధ్య నలిపి చూసింది ఈ తేడానే.

అయితే పత్తి పుట్టుకతోనే నీరు తాగదు. ఈసారి పత్తిచేను పక్కన పోతున్నప్పుడు విచ్చిన కాయ నుంచి ఇంత దూది తెంపి నీళ్లలో వేయండి. తేలుతుంది. మందుల షాపులో కొన్న దూది వేయండి. మునుగుతుంది. రెండూ పత్తే. చేలోని పోగుమీద మొక్క తనకోసం పూసుకున్న మైనపు పొర ఉంటుంది, షాపు దూదికి దాన్ని క్షారంతో ఉడికించి తీసేస్తారు. నంద్యాలలో 1906 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం 'నరసింహ' లాంటి పత్తి రకాలను ఇచ్చింది. ఆ ఊరి నల్లరేగడిలో పుట్టి పెరిగినవాళ్లకు కూడా దూది తేలుతుందంటే మొదట నమ్మబుద్ధి కాదు.

కొత్త పంచెకైతే మైనం మిగులుతో పాటు నేతలో పెట్టిన గంజి కూడా ఉంటుంది. ఉతికేకొద్దీ రెండూ పోతాయి, పోగు నలిగి మెత్తబడుతుంది, సందులు తెరుచుకుంటాయి. పాత గుడ్డలోనే బిడ్డను పడుకోబెట్టాలన్న మన పెద్దల పట్టుదలకు పదార్థ విజ్ఞానం సాక్ష్యం చెబుతుంది. కొత్తగుడ్డ కొని తెచ్చినా నాలుగైదు సార్లు వేడినీళ్లలో ఉతికాకే వాడాలి.

ఇలా మెత్తబడిన నూలుగుడ్డ తన బరువుకు రెండు మూడు రెట్ల తడి పట్టగలదు. రవ్వ ముందు అది తక్కువే. పిండితే వదిలేస్తుంది, బిడ్డ బరువు పడినా కొంత వదిలేస్తుంది. కానీ వదలడమే దాని గుణం కూడా. వదిలింది కాబట్టే ఉతకగలం, ఆరబెట్టగలం, రేపు మళ్లీ వాడగలం. రవ్వకు ఆ రెండో రోజు లేదు.

అవ్వ పెట్టెలో ఇంకో సంగతి కూడా దాగుంది. 'పాత చీరలు వాడుకోండమ్మా' అని ఈ కాలం తల్లికి చెప్పడం తేలిక. పాత నూలు చీర ఆమెకు ఎక్కడ దొరుకుతుంది? ఒక తరం కిందట ప్రతి ఇంట్లో ఉన్న ఆ నిల్వ, చవకగా, ఇస్త్రీ అక్కర్లేకుండా దొరికే సింథటిక్ చీర రాగానే తరిగిపోయింది. ఇప్పుడు మగవాళ్ల పంచెలు, లుంగీలు, నూలు తువ్వాళ్లే మిగిలాయి. ఇంట్లో ఆరో నెల గర్భిణి ఉందంటే అవి పారేయకుండా ఉతికి దాచిపెట్టడం మంచిది.

యూరియా ఘాటు

తడి మాత్రమే చర్మాన్ని పాడుచేయదు, తడి ఎంతసేపు నిలిచిందన్నది పాడుచేస్తుంది.

తడి నేలమీద యూరియా చల్లి, ఎండకాసిన రోజున మడిగట్టు మీద నిలబడితే ముక్కుకు ఒక ఘాటు తగులుతుంది. నేలలోని సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరగ్గొడితే వచ్చే అమ్మోనియా అది. యూరియాను శాస్త్రవేత్తలు మొదట కనుగొన్నది మూత్రంలోనే. 1828లో వోలర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారుచేసింది ఆ పదార్థాన్నే. బిడ్డ గోచిలో జరిగేదీ మడిలో జరిగేదే. మలంలోని బాక్టీరియా మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. అమ్మోనియా దాన్ని క్షారం వైపు లాగుతుంది. క్షారం పెరిగితే మలంలో ఉండే, ప్రొటీన్లనూ కొవ్వులనూ అరిగించే ఎంజైములు చురుకెక్కి, నానిన చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. ఎర్రగా కందుతుంది, ఒరుస్తుంది. మడతల్లోకి కూడా ఎరుపు పాకి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తే కాండిడా అనే బూజు చేరిందని అనుమానించాలి, డాక్టరుకు చూపించాలి.

దీన్నిబట్టి న్యాయంగా మాట్లాడాలి. తడిని రవ్వ లోపలికి లాగేస్తుంది కనుక డైపర్ చర్మాన్ని పొడిగా ఉంచుతుంది. తడిసిన గుడ్డలో గంటసేపు పడుకున్న బిడ్డకంటే డైపర్లో గంటసేపు పడుకున్న బిడ్డ చర్మం సుఖంగా ఉంటుంది. కానీ గుడ్డను గంటసేపు ఎవరూ ఉంచరు. డైపర్‌ను మాత్రం పొడిగానే ఉందిలే అని పూటంతా ఉంచేస్తారు, మలం లోపల ఉన్నా గమనించరు. ఒరుపు రాకుండా ఆపడంలో ఏది మేలో తేల్చడానికి, జరిగిన పరిశోధనలన్నీ వడకట్టిన కోక్రేన్ సమీక్షకు 2006లో తగినంత నాణ్యమైన ఆధారం దొరకలేదు. ఏది కట్టినా, ఎంత త్వరగా మార్చామన్నదే అసలు మందు. తల్లిపాలు తాగే బిడ్డ మలంలో ఆమ్ల గుణం ఎక్కువ, యూరియేజ్ తక్కువ. కాబట్టి చనుపాలు కూడా బిడ్డ చర్మానికి కాపలాయే.

గుడ్డ మీది రాత

ఇక అవ్వ చెప్పిన 'తెల్సింది గదమ్మా' దగ్గరికి వస్తాను.

పాలు చాలడం లేదేమోనన్న బెంగ ప్రతి బాలింతకూ ఉంటుంది. చనుపాలు కొలిచే గిన్నె లేదు. కానీ బయటికి వచ్చేది కొలవొచ్చు. అయిదారు రోజులు దాటిన బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంటే, బరువు పెరుగుతుంటే, పాలు సరిపోతున్నట్టే. పొత్తిగుడ్డలు మార్చే ఇంట్లో ఆరు లెక్కపెట్టడానికి కాగితం అక్కర్లేదు, దండెం చూస్తే చాలు. డైపర్లో ఆ లెక్క కలిసిపోతుంది. మూడుసార్లు పోశాడో, అయిదుసార్లు పోశాడో బరువు చూసి అంచనా కట్టాలి.

రంగు కూడా చదవాలి. పుట్టిన మొదటి రోజుల్లో కాటుకలాంటి నల్లటి మలం, ఆ తర్వాత ఆకుపచ్చ, వారం తిరిగేసరికి ఆవపిండిలాంటి పసుపు. ఇది మామూలు నడక. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డమీద ఇటుకపొడిలాంటి ఎరుపు మరక కనిపిస్తే అది సాధారణంగా చిక్కటి మూత్రంలోని యూరేట్ స్ఫటికాలది. తర్వాత కూడా అలాగే ఉంటే బిడ్డకు పాలు చాలడం లేదేమో చూడాలి. మలం సుద్దముక్కలా తెల్లగా వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కాలేయం నుంచి పైత్యరసం పేగుకు చేరడం లేదని దానికి అర్థం కావచ్చు. అలాంటి జబ్బుకు చికిత్స ఎంత ముందు జరిగితే అంత మేలు. తెల్ల పంచె ముక్కమీద ఈ రాతలన్నీ కళ్లకు కనబడతాయి.

బిడ్డ కూడా నేర్చుకుంటుంది. గుడ్డలో తడి చల్లగా తగులుతుంది, కదులుతుంది, ఏడుస్తుంది. మన ఇళ్లలో అమ్మలు కాళ్లు చాపి, పాదాల మధ్య బిడ్డను కూర్చోబెట్టి 'ఉస్స్...' అంటారు. పాలు తాగిన కాసేపటికీ, నిద్ర లేవగానే ఇలా చేస్తూ పోతే ఆ చప్పుడుకూ ఆ పనికీ లంకె పడుతుంది. దానివల్ల నాలుగు గుడ్డలు మిగులుతాయి. తల్లి కూడా బిడ్డ కదలికలను చదవడం నేర్చుకుంటుంది.

గుడ్డ చుట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. కాళ్లు నిటారుగా సాగదీసి బిగించి చుట్టే అలవాటు మానాలి. పసిబిడ్డ తుంటికీలు ఇంకా మెత్తన. మోకాళ్లు వంగి, తొడలు ఎడంగా ఉండాలి, కప్పకాళ్లలా. చంకన ఎత్తుకున్నప్పుడు కాళ్లు ఉండే తీరు అదే.

చాకలి సోడా

గుడ్డ విజ్ఞానంలో సగం ఉతుకులో ఉంది. అక్కడ తప్పితే గుడ్డను నిందించి లాభం లేదు.

మా చెల్లెలు మొదటి వారం చేసిన ఫిర్యాదు: "ఎంత ఉతికినా గుడ్డలు అట్టలు కట్టినట్టు అవుతున్నాయి, నీరు పీల్చడం లేదు." బోరు నీళ్లు ఉప్పగా, గరుకుగా ఉన్న ఊళ్లలో ఇది మామూలే. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి, కరగని తెల్లటి జిడ్డుగా పోగులమీద పేరుకుంటుంది. నురగ రాకపోవడం అందుకే. ఆ జిడ్డు మళ్లీ మైనపు పూతలాంటిదే. దూదిని నీళ్లమీద తేల్చిన గుణమే గుడ్డకు తిరిగి వస్తుంది. ఆ నీళ్లతో కందిపప్పు ఉడకదని ఇల్లాళ్లకు తెలుసు. అక్కడా కాల్షియమే, పప్పుగింజ గోడల్లోని పెక్టిన్‌ను బిగించి మెత్తబడనివ్వదు. మీ నీళ్లు గుడ్డలకు పనికొస్తాయో లేదో మీ పప్పుగిన్నె ముందే చెబుతుంది.

మందు పేరులోనే ఉంది: చాకలి సోడా. సోడియం కార్బొనేట్ నీటిలోని కాల్షియాన్ని కరగని సుద్దగా మార్చి పక్కకు తప్పిస్తుంది, అప్పుడు సబ్బు తన పని చేస్తుంది. పూర్వం చౌడుమట్టి తెచ్చి, గుడ్డలు ఉబ్బకు పెట్టి, ఆవిరిలో మగ్గించి ఉతికిన చాకలివాళ్లు చేసింది ఇదే రసాయనం. కుంకుడుకాయల రసమైతే సబ్బులా కాల్షియంతో జిడ్డు కట్టదు. గుడ్డలు మెత్తగా ఉండాలని కండిషనర్ వేయడం మాత్రం పొరపాటు. అది కూడా పోగుమీద పూతే.

పద్ధతి ఇది. మలం ఉంటే మొదట మరుగుదొడ్డిలో దులపాలి. తర్వాత చన్నీళ్లలో జాడించాలి. మొదటే వేడినీళ్లు పోస్తే గుడ్డు ఉడికినట్టు మలంలోని ప్రొటీను పోగుకు అతుక్కుపోతుంది. ఆ తర్వాతే వేడినీళ్లు, సోడా, సబ్బు. చివర రెండుసార్లు జాడించి, సబ్బు జారుడు లేకుండా చూడాలి. డెట్టాల్‌లాంటి మందునీళ్లు రోజూ వాడితే మిగిలిన తేమలో అవి చర్మాన్ని మండించవచ్చు. నానబెట్టిన బకెట్టుకు గట్టి మూత తప్పనిసరి. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో మూతలేని బకెట్టు ప్రాణాంతకం.

ఇక నీళ్ల లెక్క. రోజుకు డజను గుడ్డలు, మూడు బకెట్లు. అంటే నలభై అయిదు, యాభై లీటర్లు. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. పొత్తిగుడ్డల ఇంట్లో దాదాపు ఇంకో పెద్దమనిషి చేరినట్టు. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఇది చిన్న మాట కాదు. మూత్రం ఒక్కటే ఉన్న మొదటి జాడింపు నీళ్లు అరటి మొదట్లో పోస్తే కొంత రుణం తీరుతుంది. యూరియా ఉన్న నీళ్లు గదా.

మూడు బకెట్ల నీళ్లకంటే బరువైనది వాటి వెనకున్న చెయ్యి. ఒకప్పుడు పురిటిగుడ్డలు ఉతకడం చాకలి స్త్రీల మీద కులం పేరుతో మోపిన పని. మైల అన్న పేరుపెట్టి ఊరు ఆమెకు అప్పగించింది, ప్రతిఫలంగా గింజలు కొలిచింది. ఆ కట్టుబాటు సడలింది, సడలడం న్యాయం. కానీ ఆ పని ఇంటి మగవాళ్లకు రాలేదు. నడుము ఇంకా గట్టిపడని బాలింత మీదికీ, ముసలి తల్లి మీదికీ వచ్చింది. ఊళ్లలోకి డైపర్ ఇంత సులువుగా రావడానికి టీవీ ప్రకటనలు ఒక్కటే కారణం కాదు, ఆ ఖాళీ కూడా కారణం. గుడ్డల గొప్పతనం గురించి చెప్పేవాళ్లు ముందు ఉతికే చెయ్యి ఎవరిదో అడగాలి. పొద్దున్నే కూలికి పోయే తల్లిని 'డైపర్ వాడతావా' అని తప్పుపట్టే హక్కు, ఒక్క గుడ్డ కూడా ఉతకనివాడికి లేదు.

ఎండ చేసే పని

పసుపు మరక ఒకటి ఎంత రుద్దినా పోదు. తడిగా ఉండగానే ఎండలో వేయండి. సాయంత్రానికి వెలిసిపోతుంది. పసిబిడ్డ మలానికి పసుపు రంగు ఇచ్చేది ప్రధానంగా బిలిరుబిన్. పాత ఎర్రకణాలు విరిగినప్పుడు పుట్టే పదార్థం ఇది. వెలుగు తగిలితే దాని అణువు రూపు మారుతుంది, విరుగుతుంది. బిడ్డ ఒంట్లో అది పేరుకుంటేనే పచ్చకామెర్లు.

1956 వేసవిలో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు పసిబిడ్డలను ఆవరణలో ఎండకు, గాలికి తీసుకుపోయేది. ఒక బిడ్డ ఒళ్లంతా తెల్లబడి, దుప్పటి మూల కప్పిన ముక్కోణమంత చోటు మాత్రం పచ్చగా మిగలడం ఆమె గమనించి డాక్టర్లకు చూపించింది. ఆ ఆసుపత్రి వైద్యులు ఆ దారిన పరిశోధించి, 1958లో కాంతి చికిత్సను ప్రకటించారు. ఇవాళ నంద్యాల ఆసుపత్రుల్లో కామెర్ల బిడ్డలను నీలికాంతి కింద పడుకోబెట్టే పద్ధతి అలా పుట్టింది. బట్ట నీడ చెప్పిన రహస్యం అది. దీన్ని చూసి కామెర్ల బిడ్డను ఇంటిముందు ఎండలో పెట్టి ఊరుకోకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎండ గుడ్డలకు.

రాష్ట్రంలో ఎండలు మండే చోట్లలో నంద్యాల పేరు ఏటా వినబడుతుంది. ఆ ఎండ గుడ్డలకు వరం. అతినీలలోహిత కిరణాలు, వేడి, పొడిదనం మూడూ కలిసి సూక్ష్మజీవులను అణుస్తాయి. చిక్కు వానాకాలంలోనే. ముసురు పట్టినప్పుడు గుడ్డ రెండు రోజులైనా ఆరదు, ముక్కవాసన వేస్తుంది. అప్పుడు పలుచటి మడతలు మేలు. దుప్పటంత గుడ్డను మడిచి కడితే, విప్పినప్పుడు ఒక్క పొరగా ఆరుతుంది. ఆరాక ఇస్త్రీ పెట్టాలి. ఇప్పుడు దుకాణాల్లో దొరికే బొత్తాల గుడ్డ డైపర్లలో బయటి పొర పాలీయూరిథేన్ పూత పూసిన గుడ్డ. నీటిబొట్టును ఆపుతుంది, ఆవిరిని కొంత పోనిస్తుంది. ప్రయాణాలకు బాగుంటుంది గానీ, లోపలి మందపాటి మడతలు ముసురులో ఆరడం ఆలస్యం.

తూకం

ఏది భూమికి భారం అన్న ప్రశ్నకు లెక్కలు కట్టినవాళ్లున్నారు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008 నివేదికలో, బిడ్డ రెండున్నరేళ్ల డైపర్లకు సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయనీ, గుడ్డలకు 570 కిలోలనీ తేలింది. గుడ్డ ఓడిపోయినట్టుంది. కానీ ఆ 570లో పెద్ద వాటా నీళ్లు వేడిచేసే, గుడ్డలు ఆరబెట్టే యంత్రాల కరెంటుది. మెషిను నిండుగా వేసి, బయట దండెం మీద ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే 200 కిలోలు తగ్గుతాయని అదే నివేదిక చెప్పింది. 2023లో వచ్చిన తాజా లెక్కలో గుడ్డలు డైపర్లకంటే పాతిక శాతం తక్కువకు దిగాయి. బ్రిటన్‌లో గుడ్డను గెలిపించడానికి కావలసినవన్నీ, అంటే ఎండ, దండెం, అన్న గుడ్డలు తమ్ముడికి వాడటం, దొర్నిపాడులో అడగకుండానే ఉన్నాయి.

డబ్బు లెక్క. రోజుకు అయిదు డైపర్లు, ఒక్కోటి పన్నెండు రూపాయలు అనుకుంటే నెలకు 1,800. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. నెలలో ఆరు రోజుల కష్టం చెత్తలోకి పోతుంది. రెండేళ్లలో 3,650 డైపర్లు.

అవి ఎక్కడికి పోతాయి? 2016 ఘన వ్యర్థాల నిబంధనలు డైపర్‌ను శానిటరీ వ్యర్థం అన్నాయి. విడిగా చుట్టి ఇవ్వాలనీ, చుట్టడానికి కంపెనీ సంచి ఇవ్వాలనీ చెప్పాయి. ఊళ్లోని 'చెత్త నుంచి సంపద' కేంద్రంలో వానపాములు అరటితొక్కను ఎరువు చేయగలవు, డైపర్‌ను చేయలేవు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ పొరలను నేలలోని సూక్ష్మజీవులు దాదాపు ముట్టవు. చెత్తబండి మీది పచ్చ చొక్కా మనిషి చేత్తో ఏరవలసి వస్తుంది. అంటే ఉతికే పని తప్పించుకున్నామనుకుంటాం గానీ, ఆ మలాన్ని ఇంకొకరి చేతిలో పెడుతున్నాం. చుట్టకుండా విసిరినవి కేసీ కాలువ గట్టున, కుందూ ఒడ్డున ఉబ్బి తెల్లగా పడి ఉంటాయి. తగలబెడితే తడి రవ్వ మండదు, పొగచూరుతుంది. ఆ ప్లాస్టిక్ పొగ పీల్చేది మళ్లీ మన పిల్లలే. వాడక తప్పనప్పుడు మలం మరుగుదొడ్డిలో దులిపి, కాగితంలో చుట్టి, వేరుగా ఇవ్వండి. కనీసం అంత మర్యాద ఆ మనిషికి బాకీ.

దండెం

మా ఇంట్లో చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. పగలంతా గుడ్డలు. రాత్రి నిద్ర కోసం ఒక్క డైపర్, నంద్యాల ప్రయాణానికి ఇంకొకటి. నెలకు నూట యాభై అయ్యే డైపర్లు ముప్పై అయిదుకు దిగాయి. మొదటి మూడు రోజులు చెల్లెలు ఏడ్చింది. నాలుగో రోజు మా మరిది హైదరాబాదు నుంచి వచ్చాడు. అవ్వ బకెట్టు చూపించి, "నీ కొడుకువే నాయనా, నీళ్లు సల్లగానే ఉండాయి" అంది. అతను వేష్టి ఎగ్గట్టి కూర్చున్నాడు. మొదట మరక మీద వేడినీళ్లు పోసి అవ్వ చేత మాటపడ్డాడు, తర్వాత నేర్చుకున్నాడు. ఆ వారం చెల్లెలు మధ్యాహ్నం పూట నిద్రపోగలిగింది.

ఒకరోజు మిద్దెమీద నిలబడి లెక్కపెట్టాను. దండెం మీద పదకొండు ముక్కలు. బిడ్డ పాలు తాగుతున్నాడన్నమాట. కింద దొడ్లో అరటిచెట్టు మొదలు తడిగా ఉంది. దండెం మీది గుడ్డలను పట్టి చూస్తే, మొదట వేసినవి అప్పటికే గలగలలాడుతున్నాయి. ఆ పూట తడి ఎక్కడెక్కడికి పోయిందో ఒక్కొక్కటిగా వేలు చూపించి చెప్పగలిగాను. అంతకుముందు డైపర్ల సంచి ఖాళీ అయిన ప్రతిసారీ చెప్పలేకపోయింది అదే.